కాలువ నేలలో పాతర

శారమ్మ చిన్నమ్మను మట్టిలో పెట్టిన రోజు కొత్త పాస్టరు అయ్యగారు గుంత దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడారు. ఎక్కువగా చర్చి పక్క గదిలో ఉన్న గింజల గుమ్మి గురించే మాట్లాడారు. వెదురు తడికతో అల్లి పేడతో అలికిన ఆ గుమ్మిలో మా వాడ ఆడవాళ్లందరి జొన్నలూ ఉంటాయి. పని దొరకని నెలల్లో ఎవరింట్లో గింజ నిండుకుంటే వాళ్లు వచ్చి తీసుకుపోతారు, చెరుకు కోతలు మొదలయ్యాక తెచ్చి పోస్తారు. "ఈ తల్లి చేతి చలవ వల్ల ఈ వాడలో పొయ్యి ఆరలేదు" అన్నారు అయ్యగారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను గానీ లోపల మండిపోయింది. ఆయనకేం తెలుసు, ఆయన ఈ ఊరికి వచ్చిందే నిన్నగాక మొన్న.

ఆ గుమ్మి కట్టకముందు ఒక పాతర ఉండేది. పాతరంటే నేలలో లోతుగా తవ్వి, గింజలు పోసి, పైన బండ కప్పి మూసేసే గొయ్యి. దాని ఊసు ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. చనిపోయిన మనిషి ముందు అలాంటివి ఎత్తకూడదట, మర్యాద కాదట. నాకు అంత మర్యాద లేదు. ఆ పాతర మూత తీయమని శారమ్మ చిన్నమ్మను అడిగింది మా అమ్మ. అడిగినా తీయలేదు. ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లే. అందుకే ఆమె గురించి ఎవరైనా మంచి చెబితే నేను వింటాను, ఔనంటాను, ఇంటికొచ్చి ఈ సంగతంతా నాలో నేను మళ్లీ చెప్పుకుంటాను. ఇవాళ మీకు చెబుతున్నాను.

వాళ్ల పుట్టిల్లు మంజీర అవతల, మరాఠీ మాట వినిపించే దిక్కున ఉన్న మెట్ట ఊరు. నల్లరేగడి, జొన్న చేలు, ఎండాకాలం వస్తే తాగే నీళ్లకు కూడా కటకట. మా తాత పాతరలు తవ్వడంలో పేరున్న మనిషి. పెద్ద బిడ్డ గంగవ్వ, అంటే మా అమ్మ, బోధన్ దగ్గరి ఈ కాలువ ఊరికి కోడలై ముందు వచ్చింది. మేము ఆమెను అవ్వ అని పిలిచేవాళ్లం. తెలంగాణను, ఆంధ్రను కలిపిన ఏడు శారమ్మను కూడా ఇదే వాడలో దేవదాస్ బాబాయికి ఇచ్చారు. "మా అక్క ఉన్న ఊరికైతేనే పోత" అని శారమ్మ మొండికేసిందట. పెళ్లికొడుకు ఎలా ఉంటాడని కూడా అడగలేదని దేవదాస్ బాబాయి ముసలివాడయ్యేదాకా దెప్పుతూనే ఉన్నాడు.

చిన్నమ్మకు పిల్లలు కలగలేదు. ఆ లోటు ఆమె మాటలో ఎక్కడా కనిపించేది కాదు, ఎందుకంటే ఆమె నోటికి తీరిక ఉండేది కాదు. చెరుకు కోతకు గుంపును తీసుకుపోయే మేస్త్రీతో గొడవ, బండ్లవాళ్లతో గొడవ, బావి దగ్గర వంతు తప్పినవాళ్లతో గొడవ. అంతలోనే పగలబడి నవ్వేది. మా బాపు జ్వరంతో పోయినప్పుడు ముగ్గురు పిల్లలతో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంటే, చిన్నమ్మ వచ్చి ఆమె జుట్టు దువ్వి కొప్పు వేసి, కొడవలి చేతిలో పెట్టి చేనుకు తీసుకుపోయింది. అప్పటి నుంచి అవ్వ గడలు కోస్తే చిన్నమ్మ మోపులు కట్టేది. ఇద్దరూ ఒకే సాలు పట్టేవారు.

చక్కెర ఊళ్లో ఉన్నారు, మీకేం తక్కువ అని నిజామాబాద్‌లో బీడీలు చేసుకునే మా బంధువులు ఎకసెక్కాలాడేవారు. చెరుకుతో కడుపు నిండుతుందా? కోసేటప్పుడు ఒక గడ నమిలితే దాహం తీరుతుంది, అంతే. ఫ్యాక్టరీ గానుగ ఆడినన్నాళ్లు మాకు కూలి దొరికేది. ఎండలు ముదిరి గానుగ ఆగిపోయిందంటే మళ్లీ చలికాలం వచ్చేదాకా మా బతుకు గాలిలో దీపమే. వానలు సరిగా పడితే కలుపులు, నాట్లు అని కొన్నాళ్లు గడిచేది. పడకపోతే షావుకారి దగ్గర జొన్నలు నాగుకు తెచ్చుకోవాలి. నాగు అంటే తీసుకున్నదానికి సగం కలిపి కోతల్లో తిరిగి పోయాలి. ప్రతి ఏడూ అదే తంతు.

మా క్రైస్తవుల ఇళ్లలో ఒక అలవాటు ఉంది. వంటకు గింజలు తీసినప్పుడల్లా ఇంటి ఆడది అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తుంది. ఆదివారం ఆ గింజలు చర్చికి పోతాయి. అప్పట్లో మా పాస్టరు సత్యానందం అయ్యగారు. ఆరాధన అయ్యాక అందరి గింజలూ కుప్ప పోసి వేలం పాడించి, వచ్చినదాన్ని చర్చి ఖర్చులకు వాడేవారు. తరచుగా ఆ పాట పాడి కొనుక్కునేది మాకు నాగుకు ఇచ్చే షావుకారే. మేము దేవునికిచ్చిన గింజలే వానాకాలంలో మళ్లీ మా ఇంటికి అప్పుగా వచ్చేవి. ఈ సంగతి అందరి కళ్ల ముందే జరిగేది. ఎవరికీ పట్టలేదు, చిన్నమ్మకు తప్ప.

ఒక ఆదివారం వేలం మొదలవుతుంటే ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, దేవునికి ఆకలైతదా?"

"అదేం మాట శారమ్మా?"

"కాదు, ఎర్కలేక అడుగుతున్న. అయితదా?"

"కాదమ్మా, ఆయన ఆత్మ."

"మాకైతది. గందుకని గీ గింజలు అమ్మకుర్రి. దాసుదాం. పని లేని దినాలల్ల అందరం పంచుకొని తిందాం. దేవుడు ఏమన్నడు, ఆకలిగొన్నోనికి పెట్టుమనే గద అన్నడు."

"చర్చి కప్పు కారుతోంది. దాని సంగతి?"

"కారనియ్యిర్రి. తడిస్తే సావం."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అయ్యగారు మంచివాడు, ఆయనకూ నవ్వొచ్చింది. సరే, ఒక ఏడు చూద్దాం అన్నారు. ఆ ఏడు మా వాడ ఆడవాళ్లకు ఏదో పూనింది. ఒక పిడికెడు వేసేవాళ్లు రెండు వేశారు. జొన్న కోతలు అయిన చేలల్లో రాలిన కంకులు ఏరుకొచ్చారు. బీడీలు చుట్టే వెంకటవ్వ మా మతం కాదు, ఆమె కూడా దోసిట్లో తెచ్చి పోసింది. మా అవ్వయితే మా నోటి దగ్గరి ముద్దలోంచి కూడా తీసేదేమో అనిపించేది. "మన గింజలే బిడ్డా, వానకాలంల మనకే వస్తయి" అనేది.

కుండలు నిండాయి. ఎక్కడ దాచాలన్నది మాట. గుమ్మి కడదామన్నారు కొందరు. చిన్నమ్మ ఒప్పుకోలేదు.

"కండ్ల ముంగట గింజ ఉంటే శెయ్యి ఆగదు. ఇయ్యాల ఒకామె సేరు అంటది, రేపు ఇంకొకామె అంటది. వానలు పడేదాక ఏం మిగుల్తది? పాతరేద్దాం. మా బాపు పాతరల గింజ మూడేండ్లయినా ముక్కిపోలే."

ఆమెకు తెలిసిన పద్ధతి అదే. మా తాతను ఎరిగిన లింబాద్రి అనే ముసలాయన చెరుకు బండ్లు తోలడానికి మెట్ట నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయనను పిలిచింది. చర్చి వెనుక ఎత్తు గడ్డ చూసి తవ్వించింది. పైన మూతి ఇరుకు, లోపల కడుపు వెడల్పు. మనిషి దిగి నిలబడితే తల కనిపించనంత లోతు. ఎండాకాలం, కాలువ కట్టేసి ఉంది. అడుగు మట్టి సున్నంలా రాలుతోంది. లోపల ముళ్లకంప వేసి మంట పెట్టి గోడలు కాల్చారు. జొన్న చొప్ప, వేపాకు పరిచారు. గింజలు పోసి, చొప్ప కప్పి, బండ వేసి, పైన మట్టి మెత్తారు.

ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ తల కొట్టుకోబుద్ధి అవుతుంది. కాలువ పారే నెలల్లో మా వాడ బావిలో నీళ్లు వంగి చెంబుతో ముంచుకునేంత పైకి వస్తాయి. ఆ బావి పాతరకు ఎంతో దూరం లేదు. ఆ నీళ్లు రోజూ తోడుకునేవాళ్లమే గుంత చుట్టూ నిలబడి, ఎంత పొడిగా ఉందో చూడండని మురిసిపోయాం. పాతర వేయడం తెలిసినవాళ్లందరూ మెట్ట నుంచి వచ్చారు. కాలువ కింద పుట్టి పెరిగినవాళ్లు ఎన్నడూ పాతర వేసి ఎరుగరు. కాలువ పారితే నేల లోపల ఏమవుతుందని అడిగేవాళ్లు మాలో ఒక్కరూ లేకపోయారు.

బండ మీద చేతులు పెట్టి ఆడవాళ్లు మాట ఇచ్చుకున్నారు. నిజంగా గత్యంతరం లేని రోజు వచ్చేదాకా తీయకూడదు. తీస్తే అందరూ కలిసి తీయాలి, అదే రోజు అంతా పంచుకోవాలి. ఎందుకంటే పాతరకు ఒకసారి గాలి తగిలిందంటే గింజ నిలవదు, పురుగు పడుతుంది. ఒకరి కోసం తీస్తే అందరికీ తీసినట్టే. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే మా చిన్నమ్మ ఉత్త రాతి మనిషి అనుకుంటారు. ఆమె రాతి మనిషి కాదు. అదే నా గోస.

ఆ ఏడు వైశాఖంలోనే మా ఇంట్లో గింజలు అయిపోయాయి. మా తమ్ముడు లాజరుకు కామెర్లు పట్టి, వాడి మందులకు, పథ్యానికి ఇంట్లో ఉన్నవి అమ్మేశాం. షావుకారు ముందు నాగే తీరలేదని వెళ్లగొట్టాడు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని చిన్నమ్మ ఇంటికి పోయింది. నాకప్పుడు పెళ్లీడు, అన్నీ అర్థమవుతున్నాయి.

"శారా, పాతర తియ్యవే. నా పొల్లగాండ్లు గంజినీళ్లు తాగి పంటున్నరు."

చిన్నమ్మ చాట కింద పెట్టింది. "అక్కా, ఇయ్యాల తీస్తే అందరికి పంచాలె. వానలు పడంగనే అయిపోతయి. గటెన్క కార్తీకం దాక ఏం తింటం?"

"నేను పొయినంక తింటరు తీ."

"గట్ల అనకు. నా కూడు అడుగు, ఇస్త. పాతర అడగకు. అక్కకోసం తీసిందంటరు. రేపు ఇంకొకామె అడుగుతది. నేను ఎవ్వరికి వద్దు అనాలె?"

అని లేచి, తమ ఇంట్లో ఉన్న జొన్నలు సగం మా కొంగులో పోసింది. దేవదాస్ బాబాయి చూస్తూ ఊరుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె పొద్దున్నే గిన్నెలో గట్క తెచ్చేది. జొన్న రవ్వ నీళ్లలో ఉడికించిన గట్క. తను ఒక పూటే తింటోందని వాళ్ల ఇంటి పక్కవాళ్లు చెప్పారు. ఇలాంటి మనిషిని తిట్టుకోవడం ఎంత కష్టమో చూడండి.

వానలు పడతాయని ఎదురుచూశాం. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. ఆకాశం తెల్లగా, ఇసుర్రాయిలా ఉంది. విత్తనాలు వేసినవాళ్ల చేలల్లో మొలకలు మాడిపోయాయి. కలుపు పని లేదు, నాట్లు లేవు. మగవాళ్లు కొందరు నిజామాబాద్ పోయి మార్కెట్‌లో మూటలు మోద్దామని చూశారు. అక్కడ మాలాంటివాళ్లు వందలమంది. వానలు లేవని ఊరూరూ అక్కడికే వచ్చింది. తిరిగొచ్చిన వాళ్ల ముఖాలు చూసి మిగిలినవాళ్లు పోలేదు.

ఆషాఢం చివర్లో అవ్వ రెండోసారి అడిగింది. ఈసారి చర్చి ముందు, అందరి ఆడవాళ్ల ఎదుట అడిగింది. కొందరు తీద్దామన్నారు. చిన్నమ్మ ముఖం అప్పటికే పీక్కుపోయి ఉంది.

"ఇంకా ఎన్ని నెలలుందో లెక్కేసుకోర్రి. వాన లేదంటే చెరుకు కూడ సగమే. కోతలు ఎన్నడైతయో తెల్వది. గిది మన ఆఖరి బువ్వ. ఇయ్యాల తింటే రేపు మన్ను తింటం. పదిహేను దినాలు ఆగుదాం. ఆకు తిందాం, అలం తిందాం, ఆగుదాం."

నిజమే అన్నారు అందరూ. భయం అలాంటిది. కరువు ఎంత పెద్దదిగా కనిపిస్తే ఆ బండ అంత బరువెక్కింది. అవ్వ ఒక్కసారి చెల్లెలి వైపు చూసి కొంగు దులుపుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ అడగలేదు. చిన్నమ్మ గిన్నె తెస్తే పిల్లలకు పెట్టేది, తను ముట్టేది కాదు. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకటే మొండితనం, మా తాత పోలిక.

శ్రావణంలో కాలువకు నీళ్లు వదిలారు. ఎండిపోతున్న చెరుకును కాపాడడానికట. వాడంతా గట్టు మీదికి ఉరికింది. పిల్లలు బట్టలతోనే దూకారు. చిన్నమ్మ మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. చెరుకు బతికింది, కోతలుంటాయి అని ఏడ్చింది. అనుకున్న పదిహేను రోజులు దాటినా, కోతలు దగ్గరపడేదాకా ఆగుదామని బండ జోలికి ఎవరూ పోలేదు. బావిలో నీళ్లు పైకొచ్చాయి. నాకు బాగా గుర్తు, ఆ రోజు అవ్వ చేద లేకుండా ఉత్త చేత్తో బిందె ముంచి, "సల్లగున్నయి బిడ్డా" అంది.

ఆమె అప్పటికే చింతగింజలు తింటోంది. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, ఉడికించి ముద్ద చేసేది. మాకు చిన్నమ్మ గట్క, ఎక్కడో దొరికిన తుమ్మికూర. నేను నా గిన్నెలోంచి పెట్టబోతే చేయి తోసేసేది. "నువ్వు పని చేసే పోరివి. కోతలల్ల నిన్ను నమ్ముకొనే వీళ్లుండేది" అనేది. భాద్రపదంలో ఒక పొద్దున వాంతులు మొదలయ్యాయి, విరేచనాలు మొదలయ్యాయి. చిన్నమ్మకు కబురుపోయింది. ఆమె వచ్చి అక్క తల ఒళ్లో పెట్టుకుంది. బండి కట్టించి బోధన్ ఆసుపత్రికి తీసుకుపోదామని దేవదాస్ బాబాయి ఎద్దుల కోసం పరుగెత్తాడు. మేత లేక ఎద్దులను ఎప్పుడో సంతకు తోలేశారు. మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే పోయింది.

ఆకలితో చచ్చిందని ఎవరూ అనలేదు. వాంతులు, విరేచనాలు అన్నారు. సత్యానందం అయ్యగారు కూడా ప్రార్థనలో రోగం అనే అన్నారు. నేను ఒక్కదాన్నే గట్టిగా అరిచాను, "ఆకలితోటి సచ్చింది మా అవ్వ, ఆకలితోటి!" అని. ఎవరో నా నోరు మూశారు. చిన్నమ్మ మాత్రం నా వైపు తిరిగి, "అరువనియ్యిర్రి" అంది.

మట్టి వేసి వచ్చాక ఆమె ఇంటికి పోలేదు. నేరుగా చర్చి వెనక్కి పోయి, చేతులతో పాతర మీది మట్టి పెళ్లగించడం మొదలుపెట్టింది. ఎవరినీ అడగలేదు. ఆడవాళ్లు ఒకరొకరుగా వచ్చి గడ్డపారలు పట్టారు. బండ జరపగానే లోపలి నుంచి వేడి ఆవిరి కొట్టింది. పాతర తీస్తే ఎప్పుడూ కొంత వాసన వస్తుందని లింబాద్రి తాత ముందే చెప్పాడు. ఇది ఆ వాసన కాదు. ఇది పశువుల కొట్టంలో కుళ్లిన గడ్డి వాసన. గాలి పోయేదాకా ఆగి, దీపం దించి చూసి, తాతే లోపలికి దిగాడు.

"ఏమైంది తాతా?" అని అడిగింది చిన్నమ్మ.

ఆయన ఒక గంప పైకి అందించాడు. నల్లటి ముద్ద. గింజలు మొలకెత్తి, ఆ మొలకలు కుళ్లి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. పిండితే నల్లనీళ్లు కారాయి.

"అడుగుల నీళ్లూరినయి బిడ్డా. పక్కలకెల్లి సుత ఎక్కినయి. నడిమిట్ల జెరంత మంచిగున్నది, గంతే."

"ఎన్నడు? ఎన్నడూరినయి?"

తాత గోడ మీద చేయి పెట్టి చూశాడు. నన్నూ చూశాడు. ముసలివాడు ఒక అబద్ధం ఆడొచ్చు కదా. ఆడలేదు.

"కాలువ ఇడిసినంక. పైన సొప్ప ఇప్పుడిప్పుడే కుళ్లుతున్నది. ఎండకాలం తీస్తే ఒక్క గింజ కూడ ఖరాబు కాకపోతుండె. ఆషాఢంల తీసినా బాగుండు."

ఎవరూ ఏడవలేదు. ఒకామె కూర్చుని ఆ నల్లముద్దలో వేళ్లు పెట్టి గట్టి గింజలు ఏరడం మొదలుపెట్టింది. చూసి మిగిలినవాళ్లూ కూర్చున్నారు. కడిగి, ఎండబెట్టి తినొచ్చేమోనని మూటలు కట్టుకున్నారు. తిన్నవాళ్లకు కడుపునొప్పులు పట్టాయని తర్వాత తెలిసింది. చిన్నమ్మ నిలబడే ఉంది. నేను ఆమె ముఖంలోకే చూస్తూ ఉన్నాను. పడిపోతుందని, గుండె బాదుకుంటుందని చూశాను. నాకు అది కావాలి. ఆమె పడలేదు.

ఆ కరువు ఎలా గడిచిందంటే చెప్పడానికి గొప్పగా ఏమీ లేదు. సర్కారు రోడ్డు పని పెట్టింది, కంకర కొట్టి కొంత తెచ్చుకున్నాం. పట్నం నుంచి చర్చివాళ్లు పాలపొడి, ఎర్ర జొన్నలు పంపారు. మా వాడలో ఇంకో ఇద్దరు ముసలివాళ్లు పోయారు. కోతలు ఆలస్యంగానైనా మొదలయ్యాయి. మరుసటి ఏడు చిన్నమ్మ దేవుని కుండ పట్టుకుని మళ్లీ ఇంటింటికీ పోతే ముఖం మీద తలుపులు వేసినవాళ్లున్నారు, నీ పాతరలో నువ్వే పడమన్నవాళ్లున్నారు. ఆమె, ఆ నోరున్న మనిషి, ఒక్క మాట తిరిగి అనలేదు. చర్చి గదిలో నేలకు ఎత్తుగా రాళ్లు పేర్చి గుమ్మి కట్టించింది. ఈసారి బండ లేదు, ఒట్టు లేదు. అడిగినవాళ్లకు అడిగిన రోజే ఇవ్వాలన్నదొక్కటే కట్టుబాటు. తలుపుకు గొళ్లెం కూడా పెట్టనివ్వలేదు. అందరూ దోచుకుంటారని మగవాళ్లు భయపెట్టారు. దోచుకోలేదు. మమ్మల్ని ముగ్గురినీ తన ఇంట్లోనే పెట్టుకుని పెంచింది, నాకు పెళ్లి చేసింది. ఆమెను నేను చిన్నమ్మ అనే పిలిచాను, చివరిదాకా. అమ్మ అని పిలిపించుకోవాలని ఆమెకు ఉండేదని నాకు తెలుసు.

గుమ్మి సంగతి, మమ్మల్ని పెంచిన సంగతి పాస్టరు అయ్యగారు చెప్పారు, బాగానే చెప్పారు. ఆయన చెప్పనిది పాతర తీసిన ఆ సాయంత్రం సంగతి.

నడుమ మిగిలిన మంచి జొన్నలు ఒక గంపెడు తేలాయి. వాడంతటికీ పంచితే ఇంటికి చారెడు. ఆడవాళ్లు తమలో తాము ఏదో అనుకున్నారు. ఆ గంప గంగవ్వ పిల్లలకే పోవాలన్నారు. ఒక్కరూ అడ్డం చెప్పలేదు, వాళ్ల పిల్లలూ ఆకలితో ఉన్నారు. చిన్నమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని మా గుడిసెకు వచ్చింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆ గంప గుంజుకుని ఆమె ముఖాన కొట్టాలని, ఒక్కొక్క గింజ మట్టిలో కలిసిపోవాలని అనుకున్నాను. మా అవ్వ పిడికెళ్లు అవి. మా నోట్లోంచి తీసి వేసిన పిడికెళ్లు. అవ్వ అడిగితే రానివి అవ్వ పోయాక వచ్చాయి.

ఆమె గంప దించింది. దించీ దించకముందే మా చిన్న చెల్లె ఎస్తేరు నా కాళ్ల సందున దూరి వచ్చి, రెండు చేతులతో పచ్చి జొన్నలు నోట్లో కుక్కుకుంది. నమలడానికి రాక దవడలు ఆడిస్తోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. లాజరు కూడా వచ్చి కూర్చున్నాడు. నేను వంగి చెల్లె నోట్లోంచి ఆ గింజలు తీసి, ఇసుర్రాయి దగ్గర పోసుకుని విసరడం మొదలుపెట్టాను. ఏం చేయమంటారు?

పొయ్యి రాజేసి గట్క ఉడికించాను. చిన్నమ్మ లోపలికి రాలేదు. బయట గోడకు ఆనుకుని, ఇంటి వైపు వీపు పెట్టి కూర్చుంది. పిల్లలకు పెట్టాను. తర్వాత నేనూ పెట్టుకున్నాను. ఒక్క ముద్ద మాత్రమే, ప్రాణం నిలబడడానికి అనుకున్నాను.

కొంతసేపటికి బయట నుంచి ఆమె గొంతు వినిపించింది, ఎప్పటి గొంతులా లేదు.

"బిడ్డా కమలా, వాసన కొడ్తున్నదా? తినొస్తున్నదా?"

మన్ను లాగుంది, పీనుగు వాసన వస్తోంది, నువ్వే తిను అని చెబుదామనుకున్నాను. ఆ మాట ఆమెను చంపేసేది, నాకు తెలుసు, చంపాలనే ఉంది. నోటినిండా గట్క ఉంది. వేడిగా ఉంది. అవ్వను పూడ్చి పెట్టి ఒక పూట కూడా కాలేదు.

"మంచిగున్నది చిన్నమ్మా" అన్నాను.

అది అబద్ధం కాదు. అప్పుడు ఆమె ఏడ్చింది, ఆ రోజు మొదటిసారి, పెద్ద గొంతుతో, అక్కా అక్కా అని. నేను బయటికి పోలేదు. కుండలో గరిటె పెట్టి అడుగున మిగిలింది గీకి నా గిన్నెలో వేసుకున్నాను.